రెండో ఫ్లాట్ కొనేముందు

పెళ్ళిభోజనాల దగ్గర పప్పు వడ్డించేలోపే మాట భూముల మీదికి మళ్ళుతుంది. "మా తోడల్లుడు కొండాపూర్‌లో గజం నాలుగు వేలకు కొన్నాడండీ, ఇప్పుడెంతుందో మీరే చెప్పండి" అని ఒకరంటారు. పక్కాయన మణికొండ సంగతి ఎత్తుకుంటాడు. ఆ తోడల్లుడే 2008లో షాద్‌నగర్ అవతల ఏదో వెంచర్‌లో ఇంకో రెండు ప్లాట్లు కొని ఉంటాడు. వాటి హద్దురాళ్ళు ఎక్కడున్నాయో ఇప్పుడు ఆయనకే తెలియదు. ఆ ప్లాట్ల ఊసు ఏ పంక్తిలోనూ రాదు. లాభం వచ్చినవాడు పదిమందికి చెప్పుకుంటాడు, ఇరుక్కున్నవాడు నోరు మెదపడు. మనం వినే కథలన్నీ అందుకే ఒకే రకంగా ఉంటాయి.

ఈ అధ్యాయం మీరు ఉండబోయే ఇంటి గురించి కాదు. ఉండే ఇంటికి ధర తగ్గినా మీకు నీడ తగ్గదు, ఆ లెక్క వేరు. ఇక్కడ మాట్లాడుకునేది రెండో ఫ్లాట్ సంగతి: అద్దె వస్తుందని, ధర పెరుగుతుందని, అమ్మాయి ఎమ్మెస్‌కో అబ్బాయి పెళ్ళికో అక్కరకొస్తుందని కొనేది. నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తాను. రెండో ఫ్లాటును పొదుపు అనుకోవడమే పొరపాటు. అదొక చిన్న వ్యాపారం. సరుకు ఒక్కటే, కొనుగోలుదారు ఎప్పుడొస్తాడో తెలియదు, అప్పు మాత్రం ప్రతి నెలా అయిదో తారీకుకు తలుపు తడుతుంది. వ్యాపారమని తెలిసి దిగేవాళ్ళకు ఇందులో డబ్బుంది.

ముందు కాగితం, పెన్ను తీసుకోండి

హైదరాబాద్‌లో పనులు చివరికొచ్చిన ఒక ఫ్లాట్ అనుకుందాం. బ్రోషర్‌లో ధర 80 లక్షలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ, రాకముందే కొంటున్నారు కనుక జీఎస్టీ 5 శాతం, 4 లక్షలు. రిజిస్ట్రేషన్‌కు అన్నీ కలిపి తెలంగాణలోనైనా ఆంధ్రప్రదేశ్‌లోనైనా దాదాపు 7.5 శాతం, 6 లక్షలు. కార్ పార్కింగ్, క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్ అంటూ ధరలో కలపకుండా విడిగా అడిగేవి 3 లక్షలు. కప్‌బోర్డులు, కిచెన్, ఫ్యాన్లు, గ్రిల్స్ లేకుండా అద్దెకు ఎవరూ రారు, వాటికి 4 లక్షలు. మీ 80 లక్షల ఫ్లాట్ 97 లక్షలైంది. ఇంకా ఒక్క రూపాయి అద్దె కూడా రాలేదు.

బ్యాంకు 60 లక్షలు ఇచ్చిందనుకోండి. మిగిలిన 37 లక్షలు మీ చేతివి. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళ గడువు అయితే ఈఎంఐ సుమారు 52,070 రూపాయలు. అద్దె 24 వేలు వస్తుందనుకుందాం. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందని ఒప్పుకుంటే పదకొండు నెలల అద్దె 2 లక్షల 64 వేలు. పెట్టిన 97 లక్షల మీద అది మూడు శాతం కూడా కాదు. ఆస్తిపన్ను, రంగులు, బ్రోకర్ కమీషన్ ఇంకా తీయనే లేదు.

ఐదేళ్ళ తర్వాత అమ్ముదామనుకున్నారు. ఆపాటికి బ్యాంకుకు కట్టింది 31 లక్షల పైచిలుకు. అసలు తగ్గింది మాత్రం 7 లక్షలే. మిగతా 24 లక్షలూ వడ్డీ. ఇంకా 52 లక్షల 90 వేల దాకా బాకీ ఉంటుంది. మీరు చేతి నుంచి పెట్టిన 37 లక్షలకు ఈఎంఐలు కలిపి, వచ్చిన అద్దె తీసేస్తే 55 లక్షలు తేలుతుంది. దానికి బ్యాంకు బాకీ కలపండి. ఫ్లాటు కోటీ 8 లక్షలకు అమ్ముడుపోయిన రోజున మీ లాభం సున్నా. చేతి డబ్బు 37 లక్షలను ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుంటే వచ్చే వడ్డీని ఈ లెక్కలో పట్టించుకోలేదు కూడా. పెళ్ళిపంక్తిలో మీరు "ఎనభైకి కొన్నాను, కోటీ ఎనిమిదికి అమ్మాను" అనే చెబుతారు. విన్నవాళ్ళకు అది 28 లక్షల లాభం. ఇందాకటి కథలన్నీ ఇలా పుట్టేవే.

ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు ఉంది కదా అని బ్యాంకు మనిషి గుర్తుచేస్తాడు. అద్దెకిచ్చిన ఇంటి మీద వడ్డీని అద్దె ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు, నిజమే. అద్దెను మించిన వడ్డీని జీతంలోంచి తగ్గించుకోవడం పాత పన్ను విధానంలోనే కుదురుతుంది, అదీ ఏడాదికి 2 లక్షల వరకే. కొత్త విధానంలో ఉన్నవాళ్ళకు ఆ వీలు లేదు. మీరు ఏ విధానంలో ఉన్నారో మీ ఆడిటర్ని అడిగాకే ఆ మినహాయింపును లెక్కలో వేసుకోండి.

వడ్డీ రేటు కూడా ఎనిమిదిన్నర దగ్గర కూర్చుని ఉండదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా, ఏడాది కూడా తిరక్కుండానే, రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5కు తీసుకెళ్ళింది. అంతకుముందు ఆరూ ముప్పావు శాతానికి 60 లక్షలు తీసుకున్నవాళ్ళ ఈఎంఐ 45,600 చిల్లర. రెండున్నర శాతం పెరిగాక అదే 60 లక్షల మీద నెల వడ్డీయే 46 వేలు దాటుతుంది. కట్టే ఈఎంఐ వడ్డీకే చాలదు! బ్యాంకులు గడువు పెంచాయి, అదీ కుదరనిచోట ఈఎంఐ పెంచాయి. తర్వాత రేట్లు తగ్గాయి, మళ్ళీ పెరగవని ఎవరూ రాసివ్వరు. అందుకని నా లెక్క ఒకటుంది: ఇప్పటి రేటుకు రెండు శాతం కలిపి ఈఎంఐ వేసుకోండి, అద్దె సున్నా అనుకోండి, అలా ఏడాది పాటు జీతంలోంచి కట్టగలరా? కట్టలేమనిపిస్తే ఇంకో మూడేళ్ళు ఆగండి.

కాగితాల్లో ఉండేది, ఉండనిది

ధర తగ్గితే నష్టం కొంతే. కాగితం తప్పితే మొత్తం పోతుంది. అందుకే ఇక్కడ కాస్త నిదానిద్దాం.

"రిజిస్ట్రేషన్ అవుతుంది సార్, ఇంకేం కావాలి?" అంటాడు ఏజెంట్. మన దేశంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మీకు యాజమాన్యాన్ని హామీ ఇవ్వదు. పలానా వాళ్ళు పలానా వాళ్ళకు అమ్మినట్టు రాసుకున్న దస్తావేజును నమోదు చేస్తుంది, అంతే. అమ్మినవాడికి అసలు అమ్మే హక్కుందా అన్నది తేల్చుకోవాల్సింది కొనేవాడే. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద, నోటరీ అగ్రిమెంటు మీద కొన్నామంటే యాజమాన్యం మీకు రానట్టేనని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది. అయినా నగర శివార్లలో నోటరీ ప్లాట్లు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి, చవగ్గా వస్తాయి కనుక.

ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయడం అందరికీ అలవాటైంది. ఆన్‌లైన్లో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి, మంచిదే. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేయించాలి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. నమోదు కాని అగ్రిమెంటు కనిపించదు. కోర్టులో నడుస్తున్న దావా కనిపించకపోవచ్చు. అన్నింటికంటే ముఖ్యంగా, కుటుంబంలో ఎవరి సంతకం లేదో ఈసీ చెప్పదు.

ఈ సంతకం సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ భూమిని డెవలప్‌మెంట్‌కు ఇస్తారు. చెల్లెలు పెళ్ళయి బళ్ళారిలోనో భిలాయ్‌లోనో ఉంటుంది. "కట్నం ఇచ్చి పంపించేశాం, ఆమెకేముంది?" అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే పెళ్ళికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు ఉంది. 2005లో కేంద్ర చట్టం పెళ్ళయినవాళ్ళకూ ఆ హక్కు ఇచ్చింది. ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అపార్టుమెంటు లేచాక, ధర పెరిగాక, చెల్లెలి పిల్లలు లాయర్ నోటీసు ఇస్తారు. న్యాయం వాళ్ళ వైపే ఉండొచ్చు కూడా. మధ్యలో మీ ఫ్లాటు అమ్ముడుపోదు. కనుక లింకు డాక్యుమెంట్లతో పాటు కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అడగండి. ఆడపిల్లల పేర్లు, సంతకాలు ఉన్నాయా అని వేలు పెట్టి చూపించమనండి. ఇలా అడిగితే అమ్మేవాళ్ళకు కోపం వస్తుంది. రానివ్వండి.

తర్వాత నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూములు ఇందులో ఉంటాయి. పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని కొనుక్కోవడం 1977 చట్టం ప్రకారం సాధారణంగా చెల్లదు. ఇక్కడ ఇంకో చిక్కుంది. సర్వే నంబర్‌లో కొంత భాగమే వివాదంలో ఉన్నా ఒక్కోసారి నంబర్ మొత్తం జాబితాలోకి ఎక్కేస్తుంది. మీ ఫ్లాటు సక్రమమే అయినా, అమ్మే రోజున రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు. జాబితాలో పేరు పడటానికి క్షణం చాలు, తీయించాలంటే కలెక్టరేట్ మెట్లు అరగాలి.

చెరువుల మాట 2024 జులై తర్వాత కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. చెరువుల ఆక్రమణలను కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ అన్న మాటలు టీకొట్టు దగ్గర కూడా వినిపించాయి. చెరువు నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దు ఎఫ్‌టీఎల్. దాని అవతల, పాతిక ఎకరాలు లేక అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు, చిన్న చెరువో కుంటో అయితే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. వేసవిలో వెంచర్ చూడటానికి వెళ్తారు, నేల ఎండి క్రికెట్ గ్రౌండులా ఉంటుంది. మనవాళ్ళు బోల్తా పడేది అక్కడే. సెప్టెంబరులో, వాన పడ్డ మర్నాడు వెళ్ళి చూడండి. పక్క వీధిలో ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో బ్రోషర్ కంటే ఆయనకు బాగా తెలుసు.

"బ్యాంకు లోన్ ఇచ్చిందంటే టైటిల్ క్లియరేగా?" అన్న ధీమా ఒకటుంది. బ్యాంకు తన అప్పు తిరిగొచ్చేదాకా తన జాగ్రత్త తాను చూసుకుంటుంది. టైటిల్ తప్పని తేలినా ఈఎంఐ ఆగదు, మీ జీతం మీద దానికి పట్టు ఉంటుంది. కూల్చివేతల్లో ఇళ్ళు పోయినవాళ్ళలో రిజిస్ట్రేషన్, కరెంటు మీటరు, పన్ను రసీదు, బ్యాంకు రుణం అన్నీ ఉన్నవాళ్ళున్నారు.

ఇంకో చిన్న వివరం, చాలామందికి తెలియనిది. అపార్టుమెంటుకు అనుమతి ఇచ్చేటప్పుడు కట్టబోయే వైశాల్యంలో పది శాతాన్ని బిల్డర్ మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టి ఓసీ తెచ్చుకున్నాకే అది విడుదలవుతుంది. లేఅవుట్లలో కూడా రోడ్లు, డ్రైనేజీ వేసేదాకా పదిహేను శాతం ప్లాట్లు డెవలప్‌మెంట్ అథారిటీకి తనఖాలో ఉంటాయి. "ఈ ఒక్క ఫ్లాటే సార్, చదరపు అడుగుకు నాలుగొందలు తగ్గిస్తాం" అంటే, అది తనఖాలో ఉన్న ఫ్లాటేమో చూడండి. శాంక్షన్డ్ ప్లాన్ మీద ఆ ఫ్లాట్ల నంబర్లు ఉంటాయి. ప్లాను తెరిచి, నంబర్ వెతికి, మీది కాదని చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

రెరా ఉంది కదా

రెరా అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణకు తెచ్చిన 2016 చట్టం, 2017 మే నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. మంచి చట్టం. బిల్డర్ కొనుగోలుదారుల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి. అగ్రిమెంటు ఆఫ్ సేల్ రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. నిర్మాణ లోపాలకు ఐదేళ్ళ బాధ్యత అతనిదే. సూపర్ బిల్టప్ లెక్కల గోల లేకుండా కార్పెట్ ఏరియా చెప్పాలి. అది ఒక్కసారి అడిగి చూడండి, 1,500 చదరపు అడుగుల ఫ్లాట్‌లో మీరు చాప పరుచుకోగలిగేది 1,050కి అటూ ఇటూగా ఉంటుంది.

ఆ చట్టానికి కిందనుంచి ఒక సందుంది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టేవీ, ఎనిమిది ఫ్లాట్లకు మించనివీ దాని పరిధిలోకి రావు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు. మన కాలనీల్లో మూడొందలు, నాలుగొందల గజాల్లో లేచే స్టాండ్‌అలోన్ అపార్టుమెంట్లు చాలావరకు ఈ సందులోంచి బయటపడతాయి. రెండంతస్తులకు పర్మిషన్ తీసుకుని ఐదంతస్తులు వేసేదీ ఎక్కువగా ఇక్కడే. పై అంతస్తులో ఫ్లాటు కొన్నవాడికి ఓసీ ఎప్పటికీ రాదు. తర్వాత క్రమబద్ధీకరణ పథకం వస్తుందిలే అని అందరూ ఎదురుచూస్తారు. తెలంగాణలో 2020లో అనుమతి లేని లేఅవుట్ల కోసం ఎల్‌ఆర్‌ఎస్ పెడితే 25 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. వాటి కదలిక కోసం జనం ఏళ్ళ తరబడి చూశారు. ఎదురుచూపు మీద పెట్టుబడి పెట్టకండి.

ప్రీ లాంచ్ అన్న మాట వింటే లేచి వచ్చేయండి. రెరా నంబర్ లేకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం చట్టవిరుద్ధం. అయినా "చదరపు అడుగు మార్కెట్లో ఎనిమిది వేలు, మొత్తం ఒకేసారి కడితే మీకు నాలుగు వేలు" అని హోటల్లో భోజనం పెట్టి మరీ చెబుతారు. సగం ధరకు ఎందుకిస్తున్నాడు? బ్యాంకులో అతనికి అప్పు పుట్టడం లేదు కనుక. స్థలం ఇంకా కొనలేదు కనుక. మీరిచ్చే డబ్బుతో స్థలం కొని, ఇంకొకరి డబ్బుతో పునాది తీసి, మూడో ప్రాజెక్టు డబ్బుతో మొదటిది కడదామన్నది పథకం. గొలుసులో ఒక లింకు తెగితే వందలమంది ఒక్కసారే రోడ్డు మీద పడతారు. హైదరాబాద్‌లో గత కొన్నేళ్ళలో ఇలా ధర్నాలు చేసినవాళ్ళలో రిటైరైన టీచర్లున్నారు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లున్నారు, పీఎఫ్ మొత్తం తెచ్చి పోసినవాళ్ళున్నారు. చదువుకోకపోవడం దీనికి కారణం కాదు. రెరా అథారిటీ డబ్బు తిరిగివ్వమని ఉత్తర్వు ఇచ్చినా, వసూలు రెవెన్యూ రికవరీ పద్ధతిలో జరగాలి. ఆస్తులేవీ మిగలని కంపెనీ నుంచి ఎవరు మాత్రం ఏం రాబడతారు?

ఆగిపోయే ఏళ్ళు

ధర ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందన్న నమ్మకం మన దగ్గరి చరిత్ర కాస్త తెలిస్తే తగ్గుతుంది. 2008లో ప్రపంచ మాంద్యం, 2009 జనవరిలో సత్యం కుంభకోణం, ఆ డిసెంబరు నుంచి రాష్ట్ర విభజన అనిశ్చితి. హైదరాబాద్‌లో చాలా చోట్ల ధరలు 2014 దాకా కదల్లేదు. కొని ఆరేళ్ళు పట్టుకోగలిగినవాళ్ళు తర్వాత బాగుపడ్డారు. ఈఎంఐ భారమై 2011లో అమ్ముకున్నవాళ్ళు కొన్న ధర కూడా రాక వదులుకున్నారు. ఇద్దరూ కొన్నది ఒకే చోట కావచ్చు.

అమరావతి కథ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2015లో రాజధాని కోసం భూసమీకరణ మొదలై 30 వేల ఎకరాలకు పైగా రైతులు ఇచ్చారు. చుట్టుపక్కల గ్రామాల్లో ప్లాట్లకు వెర్రి గిరాకీ. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాడు మాయమయ్యాడు. ధర తగ్గడమంటే ఇంకా నయం, అసలు అడిగేవాడే లేని పరిస్థితి అది. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కదలిక వచ్చింది, 2025 మేలో పనులు తిరిగి మొదలయ్యాయి. మధ్యలో ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళలోనే పిల్ల పెళ్ళి ఉన్నవాడి గతేమిటి? ఒక ప్రభుత్వ నిర్ణయం మీద నిలబడ్డ ధర ఇంకో ప్రభుత్వ నిర్ణయంతో కూర్చుంటుంది. మెట్రో లైను, రింగ్ రోడ్డు, ఎయిర్‌పోర్టు, ఫార్మా సిటీ, ఏదైనా సరే. "రాబోతోంది" అన్నదానికి డబ్బు కట్టేముందు "రాకపోతే" అన్న ధర కూడా వేసుకోండి.

హైదరాబాద్‌లో టవర్లు కొనేవాళ్ళకు ప్రత్యేకంగా ఇంకో మాట. స్థలం వైశాల్యాన్ని బట్టి ఎంత కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని ఇక్కడ 2006లో ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన జాగా సరిపోతే ఎంత ఎత్తైనా వేసుకోవచ్చు. కోకాపేటలో 2023 వేలంలో ఎకరం 100 కోట్లు దాటిందని పేపర్లో చదివి పక్కనున్న ఫ్లాట్ల యజమానులు మురిసిపోయారు. అంత పెట్టి కొన్నవాడు ఆకాశంలోకే కట్టాలి. మీరు మీ పదేళ్ళ ఫ్లాటు అమ్మే రోజున పక్కనే కొత్త టవర్లో, కొత్త లిఫ్టుతో, బిల్డర్ ఆఫర్లతో వందల ఫ్లాట్లు అమ్మకానికి ఉంటాయి. మీ పోటీ వాళ్ళతో. కట్టడం పాతబడే కొద్దీ దాని విలువ పోతుంది, నిలిచేది నేల వాటా. వెయ్యి గజాల్లో ఇరవై ఫ్లాట్లుంటే మీకు యాభై గజాలు. టవర్లో అందులో సగం కూడా రాకపోవచ్చు. అగ్రిమెంటులో అన్‌డివైడెడ్ షేర్ ఎన్ని గజాలని రాశారో చూడకుండా మార్బుల్ మెరుపు చూసి మోసపోతుంటారు.

అద్దెకిచ్చాక

అద్దెవాళ్ళ గురించి పెద్దగా భయపెట్టను. చాలామంది మంచివాళ్ళే. శ్రమంతా ఇంటితోనే. మీరు విజయవాడలో ఉంటారు, ఫ్లాటు నిజాంపేటలో ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్: "అంకుల్, మన బాత్రూమ్ నీళ్ళు కింది ఫ్లాట్ సీలింగ్‌లోంచి కారుతున్నాయట, వాళ్ళొచ్చి గొడవ పెడుతున్నారు." టైల్స్ పగలగొట్టాలి, వాటర్‌ప్రూఫింగ్ మళ్ళీ చేయించాలి, కిందివాళ్ళ సీలింగ్‌కు రంగు మీరే వేయించాలి. వారం రోజులు అద్దెవాళ్ళకు ఒకటే బాత్రూమ్, ఆ నెల అద్దెలో తగ్గింపు అడుగుతారు, న్యాయమే. ఆ వారంలోనే అసోసియేషన్ లిఫ్టు మార్చడానికి ఫ్లాటుకు ముప్పై వేలని తీర్మానం చేస్తుంది. ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకర్ల ఖర్చు. 2020లో ఐటీ కంపెనీలు ఇంటి నుంచే పని చేయమన్నప్పుడు అద్దెవాళ్ళు సామాను సర్దుకుని సొంతూళ్ళకు వెళ్ళిపోయారు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు టులెట్ బోర్డులు నెలల తరబడి వేలాడాయి. ఖాళీ ఇంటికి మెయింటెనెన్స్ కట్టేది ఓనరే.

అమెరికాలో ఉండి ఇక్కడ ఖాళీ ప్లాట్లు కొనేవాళ్ళ బెడద ఇంకో రకం. ఎన్నారైలు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక చట్టం ఫెమా ఒప్పుకోదు. "ఫామ్ ప్లాట్" అని గుంటల లెక్కన అమ్మేవి కాగితం మీద వ్యవసాయ భూములే. గుంటంటే 121 గజాలు, అందులో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఎవరూ ఇవ్వరు. ఇళ్ళ స్థలమే అయినా ప్రహరీ, బోర్డు, ఏడాదికోసారి ఫొటో, పన్ను రసీదు తప్పవు. పరాయివాడు పన్నెండేళ్ళు బహిరంగంగా అనుభవిస్తూ ఉంటే మీ దావాకు గడువు తీరిపోయే ప్రమాదం ఉంది.

అమ్మడం అనే పరీక్ష

షేర్లు సోమవారం అమ్మితే ఆ వారంలోనే డబ్బు చేతికొస్తుంది. ఫ్లాటుకు ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. పిల్లకు అమెరికా యూనివర్సిటీ ఫీజు పాతిక లక్షలు కావాలంటే ఒక్క బెడ్‌రూమ్ అమ్మలేరు. అవసరంలో ఉన్నారని బ్రోకర్‌కు తెలిసిందో, ధర అక్కడికక్కడే పది శాతం దిగుతుంది. అందుకే కొనేటప్పుడే ఆలోచించండి: ఈ ఫ్లాటును నా దగ్గర ఎవరు కొంటారు, బ్యాంకు వాళ్ళకు లోన్ ఇస్తుందా? ఓసీ లేకపోతే, రోడ్డు ఇరుకైతే, ప్లానుకు మించి కట్టి ఉంటే లోన్ రాదు. లోన్ రాని ఫ్లాటుకు కొనుగోలుదారులు పిడికెడుమంది.

"సగం వైట్, సగం బ్లాక్" బేరం ఇప్పటికీ నడుస్తోంది. ఇరవై వేలు, ఆపైన నగదుగా అడ్వాన్సు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా కట్టాల్సి రావచ్చు, 2015 నుంచి ఆ నిబంధన ఉంది. ఇంకో దెబ్బ కూడా ఉంది. దస్తావేజులో తక్కువ ధర చూపించి కొన్నవాడు, రేపు పూర్తి వైట్‌లో అమ్మితే లేని లాభం మీద కూడా పన్ను కడతాడు. రెండేళ్ళు దాటాక అమ్మితే లాభం మీద పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందు కొన్న ఇళ్ళకైతే ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్కను కూడా చూసుకుని, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. కొనేవాళ్ళు కూడా 50 లక్షలు, ఆపైన ధరైతే ఒక శాతం టీడీఎస్ కోసి కట్టాలి. అమ్మేవాడు ఎన్నారై అయితే ఆ ఒక శాతం సరిపోదు, అంతకు చాలా ఎక్కువ కోయాలి. కోయకపోతే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు వెతుక్కుంటూ వచ్చేది కొన్నవాడి ఇంటికే.

ఇంత చదివాక కూడా కొనాలనిపిస్తే కొనండి. ఏడాది ఈఎంఐ పక్కన పెట్టుకుని, ఓసీ వచ్చిన ఫ్లాటును, మీరు గంటలో చేరుకోగల చోట కొంటే ఇందులో చెప్పిన చిక్కుల్లో చాలావరకు మీ దరికి రావు. కాకపోతే ఒక పని మాత్రం వరస తప్పకుండా చేయండి. ఏజెంట్ "ఇవాళ టోకెన్ ఇవ్వకపోతే రేపు వేరే పార్టీ రెడీగా ఉంది సార్" అంటాడు. ఇవ్వకండి. ముందు జిరాక్సులు తీసుకోండి. బిల్డర్ చూపించిన లాయర్ దగ్గరికో, బ్యాంకు ప్యానెల్ లాయర్ దగ్గరికో కాకుండా మీరు ఫీజు కట్టే లాయర్ దగ్గరికి వెళ్ళి రాతపూర్వకంగా లీగల్ ఒపీనియన్ తీసుకోండి. మీరు పెట్టబోయే సొమ్ము ముందు ఆ ఫీజు ఏమూలకూ రాదు. జిరాక్సులు ఇవ్వడానికి తటపటాయించే మనిషి దగ్గర ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.